క్యాసెట్టు నుంచి మెమరీ కార్డు దాకా: పాటను, వీడియోను ఆడించే సాఫ్ట్‌వేర్

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఒక పాట మోగాలంటే మూడు పనులు జరగాలి. ఫైలులో ఏముందో గుర్తించాలి. కుదించి దాచిన అంకెలను విప్పాలి. విప్పిన వాటిని సరైన వేగంతో స్పీకర్‌కు అందించాలి. వీడియో అయితే బొమ్మలను తెర మీదికి పంపుతూ, అవి మాటతో జోడు తప్పకుండా చూసుకోవాలి. ఈ పనంతా చేసే సాఫ్ట్‌వేర్‌ను ప్లేయర్ అంటారు. అదే ఫైలును విప్పి, స్పీకర్‌కు పంపే బదులు మరో పద్ధతిలో కుదించి కొత్త ఫైలుగా రాసేది కన్వర్టర్. సగం దారి దాకా రెండూ చేసే పని ఒకటే.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ సాఫ్ట్‌వేర్ అవసరం సినిమాలు చూడటంతో తీరిపోయేది కాదు. ఒగ్గు కథలు, బతుకమ్మ పాటలు, గోండుల దండారి, పెళ్లి వీడియోలు, గల్ఫ్‌కు పోయినవాళ్ల గొంతులు మొదట క్యాసెట్లలోకి, తర్వాత వీడియో సీడీల్లోకి, ఆ తర్వాత మెమరీ కార్డుల్లోకి, ఇప్పుడు యూట్యూబ్‌లోకి చేరుతూ వచ్చాయి. చేతులు మారిన ప్రతిసారీ కొంత ధ్వని, కొంత బొమ్మ పోయాయి. ఎక్కడ ఏది పోతుందో తెలిస్తే మిగిలినదాన్నైనా నిలుపుకోవచ్చు.

ధ్వని అంటే గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులు. డిజిటల్ రికార్డింగ్‌లో ఆ ఒత్తిడిని సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా రాసిపెడతారు. ఆడియో సీడీలో ఈ కొలత సెకనుకు 44,100 సార్లు జరుగుతుంది. ఒక్కో కొలతకు 16 బిట్లు. ఎడమ, కుడి రెండు చానళ్లు. మనిషి చెవికి అందే అతి సన్నని ధ్వని సుమారు 20,000 హెర్ట్జ్. దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చెవికి అందేదంతా అంకెల్లోకి వస్తుంది. ఇలా రాసిన ధ్వని నిమిషానికి 10 మెగాబైట్ల పైచిలుకు. పొద్దుగూకినాక మొదలై తెల్లారేదాకా ఒగ్గు కథకులు చెప్పే మల్లన్న కథను ఎనిమిది గంటలు రికార్డు చేస్తే 5 గిగాబైట్లు అవుతుంది. వీడియోకు ఈ లెక్క అసలే సరిపోదు. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలుండే బొమ్మకు చుక్కకు మూడు బైట్ల చొప్పున, సెకనుకు 25 బొమ్మలు రాస్తే ఒక్క సెకనుకే 155 మెగాబైట్లు. నిమిషం వీడియోకు 9 గిగాబైట్లు దాటుతాయి. కుదించకుండా ఫోన్‌లో పెళ్లి వీడియో చూడటం అయ్యే పని కాదు.

కుదించి, తిరిగి విప్పే పద్ధతి పేరు కోడెక్. కుదించిన ధ్వనిని, బొమ్మలను, వాటి సమయాల పట్టికను కలిపి ఒక్క ఫైలుగా సర్దే ఏర్పాటు కంటైనర్. మామూలు వాడకందారులను ఎక్కువగా తికమక పెట్టేది ఈ రెండింటి తేడాయే. కంటైనర్‌ను టిఫిన్ క్యారేజీ అనుకుంటే, ఒక గిన్నెలో బొమ్మ, ఒక గిన్నెలో ధ్వని, ఇంకోదాంట్లో సబ్‌టైటిళ్లు ఉంటాయి. ఎంపీ4, ఏవీఐ, ఎంకేవీ, 3జీపీ అన్నవి కంటైనర్లు. హెచ్.264, హెచ్.265, వీపీ9, ఏవీ1 బొమ్మల కోడెక్‌లు. ఎంపీ3, ఏఏసీ, ఓపస్, ఏఎంఆర్ ధ్వని కోడెక్‌లు. ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉన్నంత మాత్రాన టీవీ దాన్ని ఆడిస్తుందన్న హామీ లేదు. లోపలి బొమ్మ హెచ్.265లో ఉంటే పాత టీవీలో మాట వినబడుతుంది కానీ తెర నల్లగానే ఉంటుంది. ఫైలు పేరు చివరి అక్షరాలు మార్చితే ఫార్మాట్ మారిపోతుందన్న నమ్మకం ఇప్పటికీ చాలామందిలో ఉంది. పేరు మారితే పేరే మారుతుంది, లోపలిది అలాగే ఉంటుంది.

ధ్వని కోడెక్‌లలో లోకమంతా ఎరిగింది ఎంపీ3. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ వంటి ఇంజినీర్ల ఏళ్ల కృషి ఫలితం అది. 1995లో ఆ ఫైళ్లకు ఎంపీ3 అనే తోక స్థిరపడింది. పేటెంట్ల గడువు తీరడంతో 2017లో ఆ సంస్థ లైసెన్సుల కార్యక్రమాన్ని ముగించింది. ఈ కోడెక్ చెవి బలహీనత మీద ఆధారపడుతుంది. పెద్ద చప్పుడు పక్కన, దాదాపు అదే శ్రుతిలో ఉన్న చిన్న చప్పుడు మనకు వినబడదు. వినబడనిదాన్ని రాయడమెందుకని కోడెక్ దాన్ని వదిలేస్తుంది, లేదా మొరటుగా రాస్తుంది. సెకనుకు 1,411 కిలోబిట్లు తీసుకునే సీడీ ధ్వని 128 కిలోబిట్లకు దిగుతుంది. సినిమా పాటల్లో ఈ తేడాను పట్టుకోవడం కష్టం.

ఈ ప్రాంతపు వాద్యాల విషయంలో మాత్రం తేడా తెలుస్తుంది. ఎంపీ3 ధ్వనిని 1,152 కొలతల ముక్కలుగా తీసుకుని కుదిస్తుంది. ఒక్కో ముక్క 26 మిల్లీసెకన్లు. ఒక ముక్క మధ్యలో డప్పు మీద పుల్ల గట్టిగా పడితే, కుదింపులో పుట్టిన పొరపాటు ఆ ముక్కంతా పరుచుకుంటుంది. దెబ్బకు ముందే పలచని బుసలాంటి చప్పుడు పుడుతుంది, దెబ్బ వాడి తగ్గుతుంది. ఇంజినీర్లు దీన్ని ముందు ప్రతిధ్వని అంటారు. ఇలాంటి చోట చిన్న ముక్కలకు మారే ఏర్పాటు ఎంపీ3లో ఉన్నా, తక్కువ బిట్‌రేటులో, అంటే సెకనుకు ఇచ్చే బిట్లు తక్కువైనప్పుడు, అది చాలదు. దండారిలో డోలు, తుడుం, కాళ్ల గజ్జెలు, వాటి మీదుగా పెప్రె అనే ఊదు వాద్యం అందుకునే రాగం కలగలిసి మోగుతాయి. ఒగ్గు కథలో డోలు, తాళాలు ఎడతెగకుండా నడుస్తాయి. ఇలాంటి రికార్డింగులను 128 కిలోబిట్లలో పెడితే తాళాల మోత ఇసుక రాలినట్టు వినబడుతుంది. కనీసం 192, వీలైతే 256 కిలోబిట్లు ఇవ్వాలి. కొత్త కోడెక్‌లయిన ఏఏసీ, ఓపస్ ఈ దెబ్బలను ఎంపీ3 కన్నా బాగా పట్టుకుంటాయి.

బొమ్మల కోడెక్ ఆధారపడేది కదలిక మీద. కొన్ని సెకన్లకోసారి ఒక పూర్తి బొమ్మను రాస్తుంది. ఆ తర్వాతి బొమ్మల్లో ఏ భాగం ఎటు జరిగింది, కొత్తగా ఏమి కనబడింది అన్నదే రాస్తుంది. గోడ కదలకపోతే గోడను మళ్లీ రాయదు. పాత జగిత్యాల డివిజన్‌లోని, ఇప్పటి జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లి నుంచి 2012లో శ్రీకాంత్ శ్రీరాం మొదలుపెట్టిన మై విలేజ్ షో వీడియోలను ఈ కోణంలో చూడవచ్చు. ఆ వీడియోల్లో నటించే గంగవ్వ గద్దె మీద కూర్చుని మాట్లాడే దృశ్యంలో వెనుక ఇల్లు, చెట్టు, వాకిలి స్థిరంగా ఉంటాయి. కదిలేవి ముఖం, చేతులు. అది తక్కువ బిట్‌రేటులోనూ నిఖార్సుగా వస్తుంది, నెట్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో కూడా ఆగకుండా నడుస్తుంది. దీపావళి రోజుల్లో గోండుల గుస్సాడీ నృత్యం వీడియో తీస్తే కథ మారుతుంది. నెమలి పింఛాల టోపీల్లో వేల సన్నని ఈకలు, అన్నీ ఒకేసారి ఊగుతుంటాయి, వెనుక జనం కూడా కదులుతుంటారు. ఏ రెండు బొమ్మలకూ పోలిక ఉండదు. తక్కువ బిట్‌రేటు ఇస్తే ఈకలు కలిసిపోయి చదరపు గడులు తేలుతాయి. మార్లవాయికి చెందిన కనకరాజుకు గుస్సాడీ నృత్యానికి గాను 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి వారి ఆటను వాట్సాప్ ముక్కల్లో మాత్రమే మిగుల్చుకుంటే, ఆ ఆటలోని పనితనం తెర మీద కనబడకుండా పోతుంది.

క్యాసెట్ల కాలంలో ఈ కోడెక్‌లేవీ లేవు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన టేప్ రికార్డర్లు కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో పాట వినే సాధనాలే కాదు, ఉత్తరాలు కూడా అయ్యాయి. రాయలేని తల్లి మాట క్యాసెట్టులోకి ఎక్కి దుబాయికి పోయేది. 1986లో మొదలైన ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం గోండి కార్యక్రమాలను కూడా ప్రసారం చేస్తూ, రేడియోలో తమ భాష వినే అవకాశం గోండులకు కల్పించింది. కాలం గడిచేకొద్దీ క్యాసెట్టు నాణ్యత మెల్లమెల్లగా తగ్గుతుంది కానీ ఒక్కసారిగా ఆడటం మానదు. డిజిటల్ ఫైలు చాలావరకు బాగానే ఆడుతుంది, లేదా అసలే తెరుచుకోదు.

ఆ తర్వాత వీడియో సీడీ వచ్చింది. 1993లో ఖరారైన ఈ పద్ధతిలో బొమ్మ 352 అడ్డం, 288 నిలువు చుక్కలు. బొమ్మకు సెకనుకు 1,150 కిలోబిట్లు, ధ్వనికి 224. ఒక సీడీలో గంటా పావు వీడియో పడుతుంది కాబట్టి తెలుగు సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు సీడీలు కావాల్సి వచ్చేది. ఒగ్గు కథలు, శారద కథలు, జాతర పాటలు ఈ సీడీల్లోనే సంతల్లో, బస్టాండ్ల దగ్గర అమ్ముడుపోయాయి. సీడీ తెరిస్తే కనిపించే డీఏటీ (.dat) ఫైలు నిజానికి ఎంపెగ్-1 వీడియో. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి దాన్ని నేరుగా తెరవడం రాదు.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసింది మెమరీ కార్డుల తొలినాళ్ల కాలం. బటన్ ఫోన్‌లో వీడియో చూడాలంటే అది 3జీపీలో ఉండాలి. మొబైల్ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు సీడీలోని కథను కన్వర్టర్‌లో వేసి, 176 అడ్డం, 144 నిలువు చుక్కల బొమ్మగా తగ్గించి కార్డులోకి ఎక్కించేవాడు. జాగా కలిసొస్తుందని ధ్వనిని చాలాసార్లు ఏఎంఆర్‌లో పెట్టేవారు. ఏఎంఆర్ ఫోన్ సంభాషణల కోసం చేసిన కోడెక్. ధ్వనిని సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలుస్తుంది, గరిష్ఠంగా 12.2 కిలోబిట్లు వాడుతుంది. మనిషి గొంతు ఎలా పుడుతుందో దాని లెక్క ప్రకారమే కుదిస్తుంది. కథకుడి మాట అర్థమవుతుంది, డోలు మాత్రం డబ్బా మీద కొట్టినట్టు వినబడుతుంది, తాళాలు దాదాపు మాయమవుతాయి. ఆ దుకాణాలు లేకపోతే ఎంతోమందికి ఆ కథలు అందేవే కావు. ఆ మేలును తక్కువ చేయలేం. కానీ సీడీలు గీతలు పడి పోయిన ఇళ్లలో ఇప్పుడు మిగిలింది ఆ 3జీపీ ఫైళ్లే. వాటిని ఎంత పెద్ద ఎంపీ4గా మార్చినా పోయిన చుక్కలు, పోయిన తాళాలు తిరిగి రావు.

2016 సెప్టెంబరులో జియో 4జీ సేవలు మొదలయ్యాయి. ఆ ఏడాది దసరాకు, అక్టోబరు 11న, పాత జిల్లాలు చీలి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. మెమరీ కార్డు వ్యాపారం ఆ తర్వాత కొద్ది కాలానికే చల్లబడింది. ఫార్మాట్ మార్చే పని దుకాణం నుంచి యూట్యూబ్ సర్వర్లకు మారింది. ఎక్కించిన ప్రతి వీడియోనూ యూట్యూబ్ పలు సైజుల్లో, పలు కోడెక్‌లలో మార్చి పెట్టుకుంటుంది. చూసేవారి నెట్ వేగాన్ని బట్టి తగినదాన్ని పంపుతుంది. అంటే కన్వర్షన్ ఆగిపోలేదు, కంటికి కనబడటం మానేసింది.

ప్లేయర్లలో ముందుగా చెప్పుకోవలసింది వీఎల్‌సీ. ఇది 1996లో ఫ్రాన్స్‌లోని ఎకోల్ సాంట్రాల్ పారిస్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. కాలేజీ నెట్‌వర్క్ మీద టీవీ ప్రసారాలు చూడటం వారి లక్ష్యం. 2001లో కాలేజీ అనుమతితో దీని మూలకోడ్ అందరికీ ఉచితమైంది. ఇప్పుడు దీన్ని వీడియోల్యాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. డౌన్‌లోడ్లు 600 కోట్లు దాటాయని 2025 ఆరంభంలో ప్రకటించింది. కోడెక్‌లు విడిగా వేసుకోనక్కర లేకుండా అన్నీ లోపలే ఉంచుకోవడం వీఎల్‌సీ బలం. సగం డౌన్‌లోడ్ అయిన ఫైలునూ, దెబ్బతిన్న ఫైలునూ ఉన్నంతవరకు ఆడిస్తుంది. మాట ముందూ పెదవులు వెనుకా అయితే కీబోర్డు మీద జె, కె మీటలతో సరిచేసుకోవచ్చు. భారత్‌లో 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం కారణంగా ఈ సంస్థ వెబ్‌సైటు తెరుచుకోలేదు. ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో వీడియోల్యాన్ లీగల్ నోటీసు ఇచ్చిన తర్వాత ఆ ఏడాది నవంబరులో నిషేధం తొలగింది.

తెర వెనుక ఇంతకన్నా పెద్ద పని చేసే సాఫ్ట్‌వేర్ ఇంకొకటి ఉంది. 2000 సంవత్సరంలో ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫబ్రీస్ బెలార్ మొదలుపెట్టిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అది. దానికి బటన్లు, బొమ్మలు ఉండవు. ఒక వరుస ఆదేశం రాసి ఇస్తే పని చేస్తుంది. వీఎల్‌సీ దాని కోడెక్ లైబ్రరీని వాడుకుంటుంది. మార్కెట్లో రకరకాల పేర్లతో, రంగుల తెరలతో దొరికే కన్వర్టర్లలో చాలావాటి కడుపులో ఉన్నదీ అదే. హ్యాండ్‌బ్రేక్ వీడియోలు మార్చడానికి ఉచితంగా దొరికే మంచి సాధనం. ఇందులో ఫైలు సైజు కాకుండా నాణ్యతను ఒక అంకెగా ఎంచుకోవచ్చు. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, హెచ్.264లో పాత పెళ్లి వీడియోలకు 18 నుంచి 22, పూర్తి హెచ్‌డీకి 20 నుంచి 24 మధ్య ఉంచితే సాధారణంగా సరిపోతుంది. గుస్సాడీ వంటి దృశ్యాలకు ఇంకాస్త తగ్గించడం మేలు.

మార్చే పనిలో మొదట తేల్చుకోవలసింది ఒకటే: కోడెక్ మార్చాలా, కంటైనర్ మారిస్తే చాలా? ఎంకేవీలో ఉన్న హెచ్.264 వీడియోను టీవీ తెరవకపోతే లోపలి బొమ్మను ముట్టుకోకుండా ఎంపీ4లోకి మార్చి సర్దవచ్చు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో దీనికి కాపీ అనే ఆదేశం ఉంది. రెండు గంటల సినిమా నిమిషం లోపలే తయారవుతుంది, నాణ్యత వెంట్రుకవాసి కూడా తగ్గదు. ఇది తెలియక అదే సినిమాను మొదటి నుంచి మళ్లీ కుదిస్తే గంటల కొద్దీ కరెంటు, కొంత నాణ్యత రెండూ పోతాయి. కుదించినదాన్ని మళ్లీ కుదించిన ప్రతిసారీ పాత పొరపాట్ల మీద కొత్త పొరపాట్లు చేరతాయి. యూట్యూబ్ నుంచి తీసిన పాటను 320 కిలోబిట్ల ఎంపీ3గా అమ్మే, పంచే అలవాటు డీజే సెట్ల వాళ్లలో కనబడుతుంది. యూట్యూబ్‌లో ఉండే ధ్వనే మామూలుగా 128 నుంచి 160 కిలోబిట్లు. 320లో ఫైలు బరువు పెరుగుతుంది, పాట మాత్రం పెరగదు.

ఇళ్లలో మిగిలిన క్యాసెట్లను ఫైళ్లుగా మార్చడం ఇంకా చేయగల పనే. దీనికి ఎక్కువమంది వాడేది ఆడాసిటీ. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ధ్వనిని రికార్డు చేస్తుంది, సరిదిద్దుతుంది. ముందు టేప్ రికార్డర్ హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. క్యాసెట్టును ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి తిప్పితే చుట్లు సర్దుకుంటాయి. మైకు రంధ్రంలో కాకుండా లైన్-ఇన్‌లో వైరు పెట్టాలి. లేకపోతే యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనాలి. ధ్వని ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం భద్రపరిచే కాపీకి కనీసం సెకనుకు 48,000 కొలతలు, 24 బిట్లు ఉండాలని సూచిస్తుంది. దాన్ని వేవ్ ఫైలుగా దాచవచ్చు. అయితే మామూలు వేవ్ ఫైలు 4 గిగాబైట్లు దాటలేదు. ఈ లెక్కన స్టీరియోలో నాలుగు గంటలు దాటితే ఇబ్బంది. రాత్రంతా సాగే కథకు ఫ్లాక్ నయం. 2001లో వచ్చిన ఈ కోడెక్ ఒక్క అంకె కూడా పోగొట్టకుండా సైజును దాదాపు సగానికి తగ్గిస్తుంది.

పల్లెల్లో రికార్డు చేసిన క్యాసెట్లలో తరచూ కనబడే లోపం వేగం. బ్యాటరీలు అరిగిపోతే రికార్డర్ మెల్లగా తిరుగుతుంది. ఆ టేపును మంచి రికార్డర్‌లో ఆడిస్తే కథకుడి గొంతు సన్నబడి, కథ పరుగెత్తుతుంది. ఆడాసిటీలో వేగాన్ని శాతాల్లో తగ్గించి దీన్ని సరిచేయవచ్చు. కథ మైకు సెట్టుతో జరిగి ఉంటే ఒక ఆనవాలు దొరుకుతుంది. యాంప్లిఫయర్ నుంచి వచ్చే కరెంటు మూలుగు 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఆడాసిటీ స్పెక్ట్రంలో అది 53 దగ్గర కనబడితే టేపు దాదాపు ఆరు శాతం వేగంగా నడుస్తోందన్నమాట. అప్పట్లో కరెంటు పౌనఃపున్యం నిలకడగా ఉండేది కాదు కాబట్టి చివరి మాట చెవిదే. టేపు బుసను తీసేసే నాయిస్ రిడక్షన్‌ను మాత్రం జాగ్రత్తగా వాడాలి. బుస ఒక్కటే ఉన్న చోటును నమూనాగా చూపితే సాఫ్ట్‌వేర్ దాన్ని మొత్తం నుంచి తీసేస్తుంది. అతిగా తీస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది, తాళాల చివరి మోత తెగిపోతుంది. సరిదిద్దని తొలి కాపీని ముట్టుకోకుండా దాచి, ఈ ప్రయోగాలన్నీ రెండో కాపీ మీదే చేయాలి.

వీడియో సీడీలను వీఎల్‌సీలో తెరవవచ్చు. వాటిలోని ఎంపెగ్-1ను కుదించకుండా అలాగే తీసి దాచుకుని, ఫోన్ కోసం విడిగా ఒక ఎంపీ4 చేసుకోవడం సరైన పద్ధతి. స్టూడియోల్లో ఉండిపోయిన మినీ డీవీ టేపులు ఇంకా విలువైనవి. గంటకు సుమారు 13 గిగాబైట్ల వీడియో ఉంటుంది, వీడియో సీడీ కన్నా ఎన్నో రెట్లు స్పష్టం. వాటిని తీయడానికి పనిచేసే కెమెరా, ఫైర్‌వైర్ ఉన్న కంప్యూటర్ రెండూ కావాలి, రెండూ అరుదైపోతున్నాయి. ఈ టేపుల్లో ఒక్కో బొమ్మ సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలై ఉంటుంది. కంప్యూటర్ తెర మీద చేతులు వేగంగా కదిలిన చోట దువ్వెన పళ్లలాంటి గీతలు కనబడేది అందుకే. హ్యాండ్‌బ్రేక్‌లోని డీఇంటర్‌లేస్ దీన్ని సరిచేస్తుంది.

ఫైలు తయారయ్యాక దానికి పేరు, వివరాలు రాయడం చాలామంది వదిలేసే పని. ఎంపీ3, ఫ్లాక్, ఎంపీ4 అన్నింటిలోనూ పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసుకునే జాగా ఉంటుంది. అది ఫైలుతోనే ప్రయాణిస్తుంది. యూనికోడ్ తెలుగులో రాస్తే ఏ ఫోన్‌లోనైనా చదవవచ్చు. అచ్చు పనికి వాడే పాత అను ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని సబ్‌టైటిల్‌గా పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి; ముందు యూనికోడ్‌లోకి మార్చి, యూటీఎఫ్-8గా సేవ్ చేయాలి. గోండి విషయంలో ఇంకో మెట్టు ఉంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో వెలుగుచూసిన రాతప్రతుల్లోని లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. గోండి పాటకు ఆ లిపిలోనే సబ్‌టైటిళ్లు వేయడం ఇప్పుడు సాధ్యం. చూసేవారి ఫోన్‌లో ఆ ఫాంట్ లేకపోతే గడులు కనబడతాయి. ఎంకేవీలో ఫాంట్‌ను ఫైలు లోపలే జతచేసి పంపవచ్చు. లేదా అక్షరాలను బొమ్మలోనే కలిపేయవచ్చు. రెండో పద్ధతిలో ఏ ఫోన్‌లోనైనా కనబడతాయి కానీ తర్వాత తీసేయడం, సరిదిద్దడం కుదరదు. అందుకే భద్రపరిచే కాపీలో అక్షరాలను కలపకూడదు.

పంచుకునేటప్పుడు వాట్సాప్ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. గ్యాలరీ నుంచి పంపిన వీడియోను అది మళ్లీ కుదిస్తుంది. వచ్చినదాన్ని ఫార్వర్డ్ చేస్తే అదే ఫైలు పోతుంది. స్టేటస్‌లో పెట్టినా, సేవ్ చేసి మరోచోట ఎక్కించినా మళ్లీ కుదింపు. 2021 ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బుల్లెట్టు బండి పాటకు వేసిన చిందు రాష్ట్రమంతా తిరిగింది. చేతులు మారిన అలాంటి వీడియోలు చివరికి మసకబారి, మాట వెనుకబడి కనబడటానికి కారణం ఇదే. అసలు ఫైలు చేరాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. 2022 నుంచి ఇలా 2 గిగాబైట్ల దాకా పంపవచ్చు.

కొన్ని ఫైళ్లను ఏ ప్లేయరూ తెరవదు, తెరవకూడదన్నదే వాటి ఏర్పాటు. సిరిసిల్ల ప్రాంతంలో తీసిన, వేణు యెల్దండి దర్శకత్వం వహించిన బలగం సినిమా 2023లో ఓటీటీలోకి వచ్చాక తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. ఓటీటీ యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన సినిమా తాళం వేసిన ఫైలు. తాళంచెవి ఆ యాప్ దగ్గరే ఉంటుంది కాబట్టి వీఎల్‌సీకి, హ్యాండ్‌బ్రేక్‌కు అది అందదు. చట్టం సంగతి వేరుగా ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం సొంత, ప్రైవేటు వాడకానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. ఊరంతటికీ చూపడం, కాపీలు అమ్మడం దానిలోకి రావు. అదే చట్టం పాడేవారికి, ఆడేవారికి కూడా హక్కులు ఇచ్చింది. ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది. ఒగ్గు కథకుడి రికార్డింగును ఎవరైనా డిజిటల్‌గా మార్చి యూట్యూబ్‌లో పెట్టి ఆదాయం పొందే ముందు ఆ కథకుడి అనుమతి, వాటా రెండూ అడగవలసిన విషయాలు. జానపదం అందరిదీ అన్న మాట కథకు వర్తిస్తుంది, ఫలానా రాత్రి ఫలానా మనిషి పాడిన పాటకు వర్తించదు.

టీవీకి, ప్రొజెక్టర్‌కు, కొత్త ఫోన్‌కు, పాత ఫోన్‌కు అన్నింటికీ పనికొచ్చే రూపం ఇప్పటికీ ఎంపీ4లో హెచ్.264 బొమ్మ, ఏఏసీ ధ్వని. హెచ్.265, ఏవీ1 సగం జాగాలోనే ఇంచుమించు అదే నాణ్యత ఇస్తాయి కానీ అన్ని పరికరాల్లో ఆడవు. కన్వర్టర్లను తయారుచేసిన సంస్థల సొంత సైట్ల నుంచే దించుకోవాలి. వీఎల్‌సీ, ఆడాసిటీ పేర్లతో నకిలీ సైట్లు చాలా ఉన్నాయి, వాటిలో ప్రకటనలు, వైరస్‌లు కలిసి వస్తాయి. బ్రౌజర్‌లోనే మార్చిపెడతామనే ఆన్‌లైన్ కన్వర్టర్లలో చాలావాటికి ముందు ఫైలును వాళ్ల సర్వర్‌కు ఎక్కించాలి. ఇంటి పెళ్లి వీడియోలు, చనిపోయినవారి మాటలున్న క్యాసెట్ల కాపీలు అలా తెలియనివారి చేతికి ఇవ్వనవసరం లేదు. హ్యాండ్‌బ్రేక్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, ఆడాసిటీ ఒకసారి వేసుకుంటే నెట్ లేకుండానే, పదేళ్ల నాటి కంప్యూటర్‌లోనూ పనిచేస్తాయి. మార్చడం పూర్తయ్యాక అసలు కాపీని ఒక హార్డ్‌డిస్కులో, రెండోదాన్ని వేరే ఇంట్లో ఇంకో డిస్కులో ఉంచి, ఏడాదికోసారి రెండింటినీ తెరిచి ఆడించి చూడాలి.